ఎడమ కాలికి దొంగకట్టు

మా కాలేజీలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళ కాళ్ళకు టేపు కట్టడం నా పని. ఇరవై ఆరేళ్ళుగా కడుతున్నాను. కాగితాల్లో మాత్రం నేను ఆటసామాన్ల గది అటెండర్ని. అంటే బంతులకు గాలి కొట్టాలి, చిరిగిన వలలు కుట్టాలి, చెమట కంపు కొట్టే జెర్సీలు ఉతికించాలి, విజిల్ కనబడకపోతే అది నేనే మింగినట్టు కోచ్ సారు అరుస్తుంటే వినాలి. టేపు సంగతి ఎక్కడా రాసి లేదు. ఎవరో ఒకరు కట్టాలి కదా అని ఒకరోజు మొదలుపెట్టాను, అది కాస్తా మెడకు చుట్టుకుంది. పిల్లలు నన్ను బాబాయ్ అంటారు. కట్టు బిగుతైతే ఇంకా చాలా అంటారు, నాకు వినపడదనుకుంటారు వెధవలు.

ఇన్నేళ్ళలో ఎన్ని వందల కాళ్ళు పట్టుకున్నానో లెక్క లేదు. మొహాలు మర్చిపోయాను, పేర్లు అంతకుముందే మర్చిపోయాను. ఒక్క తూనీగను మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

ఆ పేరు పెట్టింది నేనే. వాడు చేరిన రోజు జెర్సీ ఇస్తే లోపల ఇంకో మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది, అంత బక్కపలచన. మైదానంలో ఎడమ గీత వెంట పరిగెత్తుతూ ఉన్నట్టుండి ఆగేవాడు. ఆగిన చోటు నుంచి పక్కకు తుర్రుమనేవాడు. అడ్డం వచ్చినవాడు వెనక్కి తిరిగేసరికి బంతి గోలు ముందుండేది. వాడిది ఎడమకాలి వాటం. కుడికాలు నిలబడటానికి, పరిగెత్తడానికి మాత్రమే. బంతితో చేసే మాయంతా ఎడమకాలిదే. నేను ఎవరినీ తొందరగా మెచ్చుకునే రకం కాదు, మా ఆవిడని అడిగినా చెబుతుంది. కానీ వాడు బంతి పట్టుకుంటే నేను చేతిలో పని ఆపి చూసేవాణ్ణి.

వాడికి తల్లి లేదు. తండ్రి ఉన్నాడు కానీ లేనట్టే. గోడలకు రంగులేసే పని మీద ఊళ్ళు తిరిగీ తిరిగీ ఒక ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకుని ఆగిపోయాడు. వీణ్ణి పెంచింది అక్క. వాడికంటే ఏడేళ్ళు పెద్దది. చదువు మధ్యలో ఆపేసి చెప్పుల షాపులో చేరింది. పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా నిలబడే ఉండాలి. అమ్మేవాళ్ళు కూర్చుంటే కొనేవాళ్ళకు మర్యాదగా ఉండదని ఆ ఓనరు సిద్ధాంతం. ఆయన మాత్రం గల్లా దగ్గర కుర్చీలో దిండేసుకుని కూర్చుంటాడు. సాయంత్రానికి ఆ పిల్ల కాళ్ళు పొంగి వేసుకున్న చెప్పులే పట్టేవి కావట.

"వీడు ఎక్కడో ఒకచోట కుదురుకుంటే చాలు బాబాయ్, నేను కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి చూసుకుంటా" అందొకసారి నాతో. "ఏ ఉద్యోగమైనా పర్లేదు. కుర్చీ ఉండాలంతే."

నవ్వుతూనే అంది. నాకే నవ్వు రాలేదు.

వాడి ఆట బూట్లు కూడా ఆ షాపువే. చెప్పుల షాపుల్లో ఒక తంటా ఉంటుంది. చూపించడానికి అద్దాల్లో పెట్టినవి, గోదాములో తారుమారైనవి చివరికి జత కలవకుండా మిగిలిపోతాయి. ఒకటి ఎనిమిదో నంబరు, ఇంకోటి తొమ్మిదో నంబరు. అలాంటివి ఎవరూ కొనరు, పనివాళ్ళు ఊరికే తీసుకోవచ్చు. ఆ పిల్ల వాడికి అలాంటి జతే తెచ్చింది. ఎడమది సరిగ్గా సరిపోయింది, కుడిది ఒక నంబరు పెద్దది. కుడికాలికి రెండు మేజోళ్ళు వేసుకుని, ముందు భాగంలో కాగితం కుక్కి మూడేళ్ళు ఆడాడు వాడు. వదులుగా ఉందని అక్కతో ఒక్కసారి కూడా అనలేదు.

ఇక వాడి రోజు ఎలా ఉండేదో చెబుతాను. పొద్దున ఐదింటికి మైదానంలో ఉండాలి, కోచ్ సారు ఆజ్ఞ. తర్వాత క్లాసులు. మధ్యాహ్నం షాపు గోదాములో పెట్టెలు మోసేవాడు. సాయంత్రం మళ్ళీ మైదానం. మధ్యలో పావుగంట దొరికితే నా గదికి వచ్చి, ఉతకాల్సిన జెర్సీల గుట్ట మీద పడి నిద్రపోయేవాడు. ఆ కంపులో మనిషన్నవాడు నిద్రపోగలడా? వీడు పోయేవాడు.

"లేరా, ఇదేమైనా మీ అత్తారిల్లా?" అని నేను కాలితో తట్టేవాణ్ణి. "ఇరవై ఒక్కేళ్ళకే ఇంత బద్ధకమైతే నా వయసొచ్చేసరికి ఏమైపోతావు?"

"ఐదు నిమిషాలు బాబాయ్" అనేవాడు కళ్ళు తెరవకుండా.

బద్ధకమనే అనుకున్నాను. అదీ నా తెలివి.

చివరి సంవత్సరం, సెమీఫైనల్‌కు రెండు వారాల ముందు వాడి కుడి చీలమండ మెలిపడింది. ఎవరూ తన్నలేదు. పరిగెత్తుతూ ఒక్కసారి ఆగబోతే ఆ వదులు బూటులో పాదం పక్కకు జారింది, అంతే. నా గదికి వచ్చి మేజోళ్ళు విప్పితే చీలమండ వంకాయ రంగులో వాచి ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"ఇన్నాళ్ళూ ఈ దిక్కుమాలిన బూట్లు ఎందుకేసుకున్నావురా? నోరు లేదా నీకు?"

"గట్టిగా అరవకు బాబాయ్. అక్కకి తెలిస్తే తన వల్లే అయిందనుకుంటుంది."

"మరి కోచ్ సారుకి?"

"తెలిస్తే తీసి పక్కన పెడతాడు. సెమీస్‌కి క్లబ్బాయన వస్తున్నాడు కదా."

క్లబ్బాయన అంటే, పెద్ద క్లబ్బు కోసం ఆటగాళ్ళను ఏరుకుపోయే మనిషి. మా మ్యాచ్‌కు వస్తున్నాడని నెల నుంచి కాలేజీ అంతా అదే మాట. ఆయనకు నచ్చితే క్లబ్బులో ఉద్యోగం, ఉండటానికి గది. నచ్చకపోతే ఇక అంతే, వాడికి కాలేజీలో అదే ఆఖరి సంవత్సరం. అక్క ఆ మ్యాచ్ చూడటానికి సగం రోజు సెలవు అడిగింది. ఓనరు గొణుక్కుంటూ ఇచ్చాడు. ఆ పిల్ల అన్నేళ్ళూ నిలబడింది ఆ ఒక్క రోజు కోసమే అని నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

రెండు వారాలు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేవాడు. నేను ఐసు పెట్టి, మర్దనా చేసి, కట్టు కట్టి పంపేవాణ్ణి. వాపు తగ్గింది కానీ నొప్పి పూర్తిగా పోలేదు. సెమీస్ నాటికి పరిగెత్తగలడు, కాకపోతే దాని మీద ఒక్క దెబ్బ తగిలితే కూలబడతాడు.

అలాంటప్పుడు మా జట్టులో ఒక పద్ధతి ఉంది. దొంగకట్టు అంటాం. ఎదుటి జట్టు డిఫెండర్లు పాపభీతి ఉన్నవాళ్ళేం కాదు, కట్టు కనబడిన కాలికే గురిపెట్టి తంతారు. అందుకని దెబ్బ తగిలిన కాలికి చర్మం రంగు టేపు పల్చగా చుట్టి, పైన మేజోడు లాగేస్తాం. అసలు కట్టు అక్కడ ఉందని ఎవరికీ తెలీదు. బాగున్న కాలికేమో మేజోడు మీదే తెల్లటి టేపు, మైదానం ఆ చివరి నుంచి చూసినా కనబడేంత మందంగా చుడతాం. వాళ్ళు వచ్చి బాగున్న కాలిని తంతారు, అది ఓర్చుకుంటుంది. పన్నెండేళ్ళ కిందట ఒక కెప్టెన్ కనిపెట్టాడు దీన్ని. అప్పట్నుంచి ఎనిమిది మందికో తొమ్మిది మందికో కట్టి ఉంటాను. ప్రతిసారీ పనిచేసింది. నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

కానీ ఒకటి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. అన్నిసార్లూ వచ్చినవాళ్ళు కుడికాలి వాటం వాళ్ళు, దెబ్బ కుడికాలికే తగిలించుకుని వచ్చినవాళ్ళు. కాబట్టి దొంగకట్టు ఎప్పుడూ ఎడమ కాలికే పడింది. పన్నెండేళ్ళుగా నా చేతులకు దొంగకట్టంటే ఎడమకాలే.

మ్యాచ్ రోజు మధ్యాహ్నం వాడు నా బల్ల ఎక్కి కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకున్నాడు. ముందు కుడి చీలమండకు పల్చటి కట్టు కట్టి మేజోడు పైకి లాగాను. తర్వాత ఎడమకాలు తీసుకున్నాను. మడమ కింద నుంచి రెండు పక్కలా పట్టీలు లాగాను. పైన ఎనిమిది అంకె వేస్తున్నట్టు చుట్టడం మొదలుపెట్టాను. సగం చుట్టేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

ఇది ఎడమకాలు. వీడి ప్రాణమంతా ఇందులోనే ఉంది. నేను దీన్ని తీసుకెళ్ళి వాళ్ళ బూట్ల ముందు పెడుతున్నాను.

తలెత్తితే వాడు నా వంకే చూస్తున్నాడు.

"ఏంటి బాబాయ్?" అన్నాడు.

బయట కోచ్ సారు కేకలు పెడుతున్నాడు. విప్పి మళ్ళీ కట్టాలంటే పదినిమిషాలు పడుతుంది. విప్పితే అసలు ఏ కాలికి ఏం కట్టాలి? వాణ్ణి ఆడొద్దని చెప్పాలా? ఇవన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి. పొద్దుట్నుంచి పదకొండు మందికి కట్టి వేళ్ళు లాగుతున్నాయి, నడుం పట్టేసింది. ఇన్నిసార్లు పనిచేసింది, ఈసారి మాత్రం ఎందుకు చేయదులే అనుకున్నాను.

"ఏం లేదు, టేపు అయిపోవచ్చింది" అన్నాను. మిగతా సగం చుట్టేశాను.

అక్క షాపు యూనిఫాంలోనే వచ్చి నా పక్కన బెంచీ దగ్గర నిలబడింది. కూర్చోమంటే అలవాటు తప్పిందంటూ నవ్వింది. మైదానంలోకి వస్తున్న తమ్ముణ్ణి చూసి నవ్వు ఆపేసింది.

"ఆ కాలికి కట్టేంటి బాబాయ్?"

"ఊరికేనమ్మా. జాగ్రత్త కోసం."

మొదటి సగంలో వాడు బాగా ఆడాడు. ఒకసారి ముగ్గుర్ని దాటి బంతి లోపలికి వేస్తే మావాడొకడు తలతో గోలు కొట్టాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న క్లబ్బాయన నోటు పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఆ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెండో సగంలో వాళ్ళ నాలుగో నంబరువాడు తూనీగ వెనకే తిరగడం మొదలుపెట్టాడు. మనిషి బీరువాలా ఉన్నాడు. వాడు బంతిని చూడటం లేదు, తెల్లకట్టును చూస్తున్నాడు. నేను కేక వేయాలనుకున్నాను. ఏమని వేస్తాను? నాలుగో నంబరువాడు నేల మీద జారుతూ రెండు కాళ్ళతో వచ్చి తగిలాడు. ఆ చప్పుడు బెంచీ దగ్గరికి వినబడింది. ఎండుకట్టె విరిచిన చప్పుడు.

స్ట్రెచర్ పక్కన పరిగెత్తుతుంటే వాడు నా చొక్కా పట్టుకున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది.

"మన ఎత్తు పారింది బాబాయ్" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. పళ్ళు తోముకుంటున్నప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఎప్పుడు పడితే అప్పుడు.

ఎముక రెండు చోట్ల విరిగింది. ఉక్కు పలక వేసి మరలు బిగించారు. కోచ్ సారు ఆసుపత్రికి ఒకసారి వచ్చి, పది నిమిషాలు ఫోన్ చూసుకుని వెళ్ళాడు. క్లబ్బాయన మా జట్టులోంచి ఇంకొకణ్ణి తీసుకున్నాడు. నేను మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ అక్క మంచం పక్కన నిలబడే ఉంది. చెబుదామని వెళ్ళాను, చెప్పలేక నీళ్ళు నమిలి వచ్చేశాను. ఆ తర్వాత నేను ఎవరికీ దొంగకట్టు కట్టలేదు. అడిగినవాళ్ళను తలవాచేలా తిట్టాను. ఎందుకు తిడుతున్నానో వాళ్ళకు అర్థం కాలేదు, ముసలాడికి చాదస్తం ఎక్కువైందనుకున్నారు.

ఏడాదిన్నర ఆ చెప్పుల షాపు ఉన్న వీధిలోకి అడుగు పెట్టలేదు. మొన్న వానలో నా బూటు అడుగు ఊడి చేతికొచ్చింది. ఒంటికాలి మీద గెంతుతూ ఎంత దూరమని పోను? దగ్గర్లో ఉన్నది ఆ షాపే.

లోపల పీట మీద కూర్చుని ఒక పెద్దావిడకు చెప్పులు తొడుగుతున్నాడు తూనీగ. కాస్త ఒళ్ళు చేశాడు, మొహం నునుపుదేలింది. ఆ షాపులో ఓనరు కాక కూర్చునేది కాళ్ళకు తొడిగేవాళ్ళొక్కరే. అక్క లోపల నిచ్చెనెక్కి పెట్టెలు సర్దుతోంది. నన్ను చూసి వాడు లేచాడు. నడకలో కుంటు లేదు, నేను ముందుగా చూసింది అదే.

"రా బాబాయ్, కూర్చో. ఏ కాలు నొప్పి?"

"నాకేం నొప్పి? రెండూ రాళ్ళలా ఉన్నాయి."

వాడు నా కుడి పాదం ఒళ్ళో పెట్టుకుని బొటనవేలి పక్కన ఎముక మీద నొక్కాడు. ప్రాణం పోయినంత పనైంది.

"నా దగ్గరే దొంగకట్టా?" అన్నాడు నవ్వుతూ. రెండు పాదాలూ కొలిచాడు. కుడిది వాచి ఒక నంబరు పెరిగిందట. లోపలికి వెళ్ళి జత కలవని అర నుంచి ఒక జత తెచ్చి తొడిగాడు. "ఇవి ఎవరూ కొనరు. నీకు మాత్రం సరిపోతాయి."

నిజంగానే సరిపోయాయి. వాడు వంగి లేసు కడుతున్నాడు. అన్నాళ్ళూ నేను వాడి కాళ్ళ దగ్గర ఉన్నాను, ఇప్పుడు వాడు నా కాళ్ళ దగ్గర. ఇక ఆపుకోలేకపోయాను.

"ఒరేయ్, ఆ రోజు నాకు మధ్యలోనే తట్టిందిరా. అది నీ ఎడమకాలని. తెలిసే కట్టేశాను."

వాడు ముడి వేయడం ఆపలేదు.

"తెలుసు బాబాయ్. నీ చెయ్యి ఆగింది కదా. నాకూ అప్పుడే తట్టింది."

"తడితే నోరు తెరిచి చెప్పొద్దూ!"

"చెప్తే విప్పేసేవాడివి." వాడు నిచ్చెన వైపు చూసి గొంతు తగ్గించాడు. "విరగాలని కాదు బాబాయ్. ఆ బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నానా, ఒళ్ళంతా బరువైపోయింది. వాళ్ళు తీసుకున్నా మళ్ళీ పొద్దున్నే ఐదింటికి లేవాలి, మళ్ళీ పరిగెత్తాలి, మళ్ళీ అక్క నా వంకే చూస్తూ ఉంటుంది. ఏదైతే అదైందిలే అనిపించింది. అంతే."

నాకు ఏడుపొచ్చింది. జెర్సీల గుట్ట మీద నిద్రపోతున్న వాణ్ణి కాలితో తట్టి లేపిన రోజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వాడి ఎడమకాలు ఇలా ఇమ్మన్నాను. ఇచ్చాడు. ప్యాంటు పైకి మడిచి మడమ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. నా చేతులకు తెలియని కాలా అది? ఎముక చక్కగా అతుక్కుంది. కీలు ముందుకూ వెనక్కూ హాయిగా వంగుతోంది. కండ కూడా తిరిగొచ్చింది.

"బాగైపోయింది కదరా" అన్నాను.

"ఊఁ" అన్నాడు. "అక్కతో ఇంకా లాగుతుందని చెప్పా. ఆడనని చెప్పాలంటే నోరు రావట్లేదు."

ఇంతలో ఎవరో పిలిస్తే అటు వెళ్ళాడు. నేను పాత బూట్లు సంచిలో వేసుకుని గుమ్మం దాకా వచ్చేసరికి అక్క నిచ్చెన దిగి గబగబా నా వెనకే వచ్చింది. పాదాలు పొంగి చెప్పుల పట్టీలు కోసుకుపోతున్నాయి.

"బాబాయ్, ఒక్క మాట. డాక్టరు మళ్ళీ ఆడొచ్చన్నాడు. ఇంకో క్లబ్బువాళ్ళు వచ్చే నెల పిల్లల్ని చూస్తున్నారట, కాస్త చిన్న క్లబ్బే. వీడేమో నొప్పంటాడు. నా మాట వినడు, నువ్వు చెప్తే వింటాడు." ఆమె నా చేతిలోని సంచి పట్టుకుంది. "ఇందాక కాలు పట్టుకుని చూశావు కదా. ఎలా ఉంది?"

వెనక పీట మీద వాడు ఎవరి కాలో చేత్తో పట్టుకుని మా వైపు చూస్తున్నాడు.

"ఆ కాలు ఇక ఆటకు పనికిరాదమ్మా" అన్నాను. "డాక్టర్లకేం తెలుసు? ఇరవై ఆరేళ్ళ నుంచి కాళ్ళు చూస్తున్నాను. పరిగెత్తిస్తే మళ్ళీ విరుగుతుంది."

ఆమె నా మాట నమ్మింది. నమ్మకపోవడానికి కారణమేముంది? సంచి వదిలేసింది. తర్వాత గుమ్మం పక్కన కొనేవాళ్ళ కోసం వేసిన కుర్చీ లాక్కుని, ఓనరు చూస్తుండగానే కూర్చుంది.